ఏడు వారాల్లో ఎముక గట్టిపడదు

1600 మీటర్లు, 7 నిమిషాల 15 సెకన్లు. 2022 తెలంగాణ పోలీసు కానిస్టేబుల్ నియామకాల్లో మగ అభ్యర్థులకు పెట్టిన లెక్క ఇది. అంటే వంద మీటర్లకు 27 సెకన్లు. ఆడవాళ్లకు 800 మీటర్లు, 5 నిమిషాల 20 సెకన్లు. వంద మీటర్లకు 40 సెకన్ల చొప్పున పడుతుంది, దాన్ని పరుగు అనడం కంటే జాగింగ్ అనడమే సరి. ఆరోగ్యంగా ఉన్న ఇరవై రెండేళ్ల మనిషి కాళ్లు పాడుచేసుకుంటే తప్ప చేరుకోలేని లక్ష్యాలేమీ కావివి. అయినా నియామకాల సీజన్ వచ్చిన ప్రతిసారీ నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల మైదానాల్లో మోకాలి కింద ఎముక పట్టుకుని కుంటేవాళ్లు కనిపిస్తూనే ఉంటారు. పరుగు పరీక్షకు ముందే పరుగు ఆగిపోయినవాళ్లు వీళ్లు. రాత పరీక్ష గట్టెక్కి, ఎత్తు సరిపోయి, కాలు సహకరించక ఇంటికి వెళ్లినవాళ్ల లెక్క ఎక్కడా రాయరు. ఫలితాల పట్టికలో వాళ్లు ‘గైర్హాజరు’ కిందో, ‘అనర్హులు’ కిందో పోతారు.

తప్పు కుర్రాళ్లదేనని తేల్చేయడం తేలిక. మేం మాత్రం ముందు క్యాలెండర్ చూడమంటాం. ఆ ఏడాది కానిస్టేబుల్ ప్రిలిమినరీ పరీక్ష ఆగస్టు 28న జరిగింది. ఫలితాలు అక్టోబరు 21న వచ్చాయి. ఈవెంట్స్, అంటే పరుగు లాంటి దేహదారుఢ్య పరీక్షలు, డిసెంబరు 8న మొదలయ్యాయి. మధ్యలో ఉన్నది దాదాపు ఏడు వారాలు. రాత పరీక్ష పాసవుతామో లేదో తెలియకుండా పొద్దున్నే లేచి పరుగెత్తే ఓపిక అందరికీ ఉండదు. కోచింగ్ ఫీజు కోసం పగలు ఏదో ఒక పని చేసుకుంటూ, రాత్రి పన్నెండు దాకా స్టడీ హాల్లో కూర్చునేవాళ్లకు అసలే ఉండదు. అందుకే ఎక్కువమంది షూ లేసులు కట్టేది ఫలితం చూశాకే. కట్టిన రోజు నుంచే మొత్తం దూరం, స్టాప్‌వాచ్ పట్టుకుని, ఆదివారం కూడా వదలకుండా. పైగా 2018 నియామకాల్లో మగవాళ్లకు 800 మీటర్లు, ఆడవాళ్లకు 100 మీటర్లే ఉండేవి. దూరం రెండింతలు, ఎనిమిదింతలు అయింది. సాధన చేసే తీరు మాత్రం పాత బ్యాచ్ సీనియర్లు చెప్పిందే.

ఈ తొందరకు ఎముక ఎందుకు ఒప్పుకోదో వైద్యులకు చాలాకాలంగా తెలుసు. కొత్తగా చేరిన సైనికుల పాదాలు ఏ దెబ్బా తగలకుండానే వాచి, నడవలేని నొప్పి రావడాన్ని ప్రష్యా సైనిక వైద్యుడు బ్రైట్‌హాప్ట్ 1855లోనే రాసిపెట్టాడు. అప్పటికి ఎక్స్‌రే లేదు. అది ఎముక చిట్లడమేనని ఎక్స్‌రే వచ్చాక తేలింది. ఇప్పుడు దాన్నే స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటున్నాం. ఎముక మీద అలవాటు లేని భారం రోజూ పడితే శరీరం దాన్ని బలపరిచే పని మొదలుపెడుతుంది. కానీ ఆ పని నేరుగా కొత్త ఎముక పోయడంతో మొదలుకాదు. ముందు పాత ఎముకను తవ్వి తీసేస్తుంది. ఆ తవ్వకం సుమారు మూడు వారాల్లో అయిపోతుంది. ఆ గుంతను కొత్త ఎముకతో పూడ్చడానికి మాత్రం మూడు నెలల దాకా పడుతుంది. ఈ నడిమి కాలంలో ఆ ఎముక మొదటికన్నా బలహీనంగా ఉంటుంది. సాధన మొదలుపెట్టిన మూడో వారం, నాలుగో వారం నుంచి కేసులు పెరగడానికి కారణం ఇదే. గుండె, ఊపిరితిత్తులు మూడు వారాల్లోనే కొంత అలవాటు పడతాయి, ఆయాసం తగ్గుతుంది. ‘ఇప్పుడు బాగా వస్తోంది’ అనుకుని ఇంకో రౌండు పెంచేది సరిగ్గా ఎముక అన్నిటికన్నా డొల్లగా ఉన్న రోజుల్లో.

ఇంకో చిక్కు కూడా ఉంది. తొలి వారాల్లో తీసిన ఎక్స్‌రేలో ఈ చీలిక చాలాసార్లు కనిపించదు. ‘ఎక్స్‌రేలో ఏమీ లేదు, కండ పట్టేసింది’ అన్న మాటతో కుర్రాడు తిరిగి వస్తాడు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ ఇంజక్షన్ వేయించుకుని మర్నాడు మళ్లీ గ్రౌండ్‌లో దిగుతాడు. సూది నొప్పిని ఆపుతుంది, పగులును ఆపదు. చెమటతో నీరు పోయిన ఒంటికి ఆ మందు పదేపదే పడితే కిడ్నీలకూ చేటే. ఎవరైనా గుర్తుపట్టగల తేడా ఒకటుంది. ఎముక పొడవునా సలుపుతూ, కాసేపు నడిస్తే తగ్గే నొప్పి సాధారణంగా ఎముక పైపొర వాపు. ఒకే చోట వేలు పెట్టి నొక్కితే ప్రాణం పోయినట్టు ఉండి, రాత్రి పడుకున్నా వదలని నొప్పి అయితే పరుగు ఆ రోజే ఆపాలి. ఎంఆర్ఐ దొరికినా దొరకకపోయినా ముందు ఆపాలి. ఆరు నుంచి ఎనిమిది వారాల విశ్రాంతితో చాలావరకు అతుక్కునే ఎముక, పట్టుదలకు పోతే పూర్తిగా విరిగి ఆపరేషన్ బల్ల ఎక్కిస్తుంది.

సైన్యాలు ఈ పాఠం ఖరీదు పెట్టి నేర్చుకున్నాయి. 1980ల మొదట్లో ఇజ్రాయెల్ సైన్యంలో 295 మంది కొత్తవాళ్లను శిక్షణ పొడవునా గమనిస్తే 31 శాతం మందికి స్ట్రెస్ ఫ్రాక్చర్లు తేలాయి. తర్వాత పాతికేళ్ల పాటు వాళ్లు బూట్లు మార్చారు, లోపలి అట్టలు మార్చారు, రకరకాలుగా ప్రయత్నించారు. చివరికి గట్టిగా పనిచేసింది, రాత్రికి కనీసం ఆరు గంటల నిద్ర తప్పనిసరి చేయడం, కవాతు దూరం తగ్గించడం. అమెరికాలో మెరైన్ రిక్రూట్ల పరుగు దూరాన్ని సుమారు 40 శాతం కోసేస్తే ఎముక చిట్లడాలు సగానికి పైగా తగ్గాయి. చివరి పరుగు పరీక్షలో వాళ్ల టైమింగ్ పడిపోయింది మహా అయితే రెండు మూడు శాతం. మన గ్రౌండ్లలో రోజూ మూడుపూటల్లా పరుగెత్తించే ప్రైవేటు అకాడమీల నిర్వాహకులు ఈ ఒక్క లెక్కనైనా గోడ మీద రాసుకోవాలి. దూరం అమ్ముకోవడం వాళ్ల వ్యాపారమని మాకు తెలియక కాదు.

సాగదీసే వ్యాయామాల మీద మన పీఈటీ సార్లకు, అంటే స్కూలు వ్యాయామ ఉపాధ్యాయులకు, ఉన్న నమ్మకం కూడా ఒకసారి పరీక్షకు పెట్టుకోవాల్సిందే. ఆస్ట్రేలియా సైన్యంలో 1538 మంది రిక్రూట్లను రెండు గుంపులు చేసి, ఒక గుంపుతో పరుగుకు ముందు పిక్కలు, తొడలు సాగదీయించారు, రెండో గుంపుతో చేయించలేదు. పన్నెండు వారాల తర్వాత గాయాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. 2000లో అచ్చయిన ఆ పరిశోధనలో తేడా చూపించింది వేరే సంగతి. శిక్షణలో చేరిన రోజు ఎవరి దమ్ము ఎంత అన్నదే ఎవరికి దెబ్బ తగులుతుందో చెప్పింది. చేరేనాటికి బాగా వెనకబడి ఉన్నవాళ్లే ఎక్కువగా గాయపడ్డారు. అంటే గాయం నుంచి కాపాడేది గ్రౌండ్‌లో దిగాక చేసే పది నిమిషాల తతంగం కాదు, అంతకుముందు గడిచిన నెలలు.

కండల బలం సంగతి ఇంకా స్పష్టం. 2014లో పాతిక పరిశోధనలను, 26 వేలకు పైగా మందిని కలిపి చూసినప్పుడు, బలం పెంచే వ్యాయామాలు ఆటగాళ్ల గాయాలను మూడోవంతుకన్నా కిందికి తెచ్చాయని తేలింది. వీటికి జిమ్ అక్కర్లేదు. మోకాళ్ల మీద కూర్చుని, స్నేహితుడు మడమలు పట్టుకుంటే, నడుము వంచకుండా నెమ్మదిగా ముందుకు వాలడం ఒకటుంది. నార్డిక్ హామ్‌స్ట్రింగ్ అంటారు. తొడ వెనక కండ గాయాలు దీనితో సగానికి సగం తగ్గుతాయని పలు దేశాల ఫుట్‌బాల్ జట్లలో రుజువైంది. నార్వేలో 13 నుంచి 17 ఏళ్ల ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్లకు ఇలాంటివి కలిపిన ఇరవై నిమిషాల వార్మప్ నేర్పితే తీవ్రమైన గాయాలు దాదాపు సగం తగ్గాయి. పాలమూరు, నల్లగొండ స్కూళ్లలో కబడ్డీ ఆడే ఆడపిల్లలకు మోకాలు అకస్మాత్తుగా తిరగడం, లోపలి లిగమెంటు తెగడం పెద్ద భయం. దూకి దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలకుండా దిగడం నేర్పడానికి మ్యాట్ కూడా అవసరం లేదు, మట్టి కోర్టు చాలు. గురుకులాల పీఈటీలకు రెండు రోజుల శిక్షణతో అయ్యే పని ఇది. ట్రాక్‌సూట్ల పంపిణీ మీద పెట్టే శ్రద్ధ దీని మీద పెట్టి ఉంటే ఎప్పుడో అయిపోయేది.

బూట్ల గురించి ఒక్క మాట. అరికాలి ఆకారం చూసి, దానికి తగ్గ ఖరీదైన బూట్లు కొంటే గాయాలు తగ్గుతాయన్నది దుకాణాల వాదన. అమెరికా ఆర్మీ, వైమానిక దళం, మెరైన్ రిక్రూట్ల మీద విడివిడిగా పరీక్షిస్తే ఆ లాభం కనిపించలేదు. సౌకర్యంగా ఉండి, అడుగు అరిగిపోని బూటు చాలు. తండ్రి వడ్డీకి తెచ్చిన ఐదువేలు అక్కడ పోయాల్సిన పనిలేదు.

ఇక ప్రభుత్వం చేయాల్సింది. జాబ్ క్యాలెండర్ అని 2024 ఆగస్టులో శాసనసభలో ప్రకటించారు, సంతోషం. అందులో నోటిఫికేషన్ నెల, పరీక్ష నెల ఉంటే సరిపోదు. పోలీసు నియామకాలకు ఈవెంట్స్ ఏ నెలలోనో నోటిఫికేషన్ రోజే చెప్పాలి. ప్రిలిమినరీ ఫలితానికీ, మొదటి ఈవెంటుకూ మధ్య కనీసం పదహారు వారాలు ఉండాలి. దీనికి ఒక్క రూపాయి బడ్జెట్ అక్కర్లేదు. నియామకాలు ఆలస్యమవుతాయని, కోర్టు కేసులు పడతాయని అధికారులు అనవచ్చు. 2022 ఏప్రిల్ నోటిఫికేషన్‌కు నియామక పత్రాలు చేతికొచ్చింది 2024 ఫిబ్రవరిలో. ఆ 22 నెలల్లో అభ్యర్థుల కాళ్లకు ఇంకో తొమ్మిది వారాలు ఇవ్వడానికి మాత్రం తీరిక లేకపోయిందనుకోవాలా? నోటిఫికేషన్ వచ్చిన రోజే వారంవారీ సాధన పట్టికను తెలుగులో పోలీసు నియామక బోర్డు వెబ్‌సైట్‌లో పెట్టడం కూడా చేతనైన పనే. మొదటి రెండు వారాలు నడక, పరుగు కలిపి. వారానికి మూడు నాలుగు రోజులే. మిగతా రోజులు బలం పెంచే వ్యాయామాలు. నెలకో వారం తేలిక. సిలబస్ ఇచ్చినట్టే ఇదీ ఇవ్వాలి.

ఆడపిల్లల విషయంలో పట్టిక ఒక్కటే చాలదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. ఒంట్లో రక్తం లేని అమ్మాయికి ఆయాసం వస్తే ‘దమ్ము లేదు’ అని ఇంకో రౌండు వేయించడం అన్యాయం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హిమోగ్లోబిన్ చూపించుకోవడం సాధనలో మొదటి రోజు పని కావాలి. బరువు తగ్గితే పరుగు పెరుగుతుందని తిండి మానేసేవాళ్లున్నారు. తిండి చాలక నెలసరి ఆగిపోతే ఎముకకు అది నేరుగా హెచ్చరిక. అమెరికా నౌకాదళంలో 5201 మంది మహిళా రిక్రూట్లలో కొందరికి ఎనిమిది వారాలు కాల్షియం, విటమిన్ డి ఇస్తే స్ట్రెస్ ఫ్రాక్చర్లు ఇరవై శాతం తగ్గాయి. మన హాస్టల్ మెనూలో గుడ్డు, పాలు, పెరుగు ఏ రోజు ఉన్నాయో, ఏ రోజు కాగితం మీదే ఉన్నాయో వార్డెన్లకు తెలుసు.

మే నెల వేసవి శిబిరాలు నడిపేవాళ్లు వడదెబ్బ సంగతి కూడా తెలుసుకోవాలి. 45 డిగ్రీలు దాటే జిల్లాల్లో శ్రమ వల్ల వచ్చే వడదెబ్బకు వైద్యం అంబులెన్సులో కాదు, గ్రౌండ్‌లోనే మొదలవ్వాలి. మనిషి తడబడి, మాట తేడాగా వస్తే చల్లటి నీళ్ల తొట్టిలో మెడదాకా కూర్చోబెట్టి, తల పట్టుకుని ఉండి, చల్లబడ్డాక ఆసుపత్రికి తరలించాలి. ఐస్ కలిపిన నీళ్ల డ్రమ్ము లేని చోట ఎండాకాలం పోటీలకు అనుమతి ఇవ్వకూడదు.

నల్లగొండకు ప్రత్యేకంగా ఉన్న ప్రశ్న ఇంకొకటి. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు వైపు పల్లెల్లో తరాల తరబడి తాగిన నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటి ఫ్లోరైడ్ ఉండేది. ఫ్లోరైడ్ ఎక్కువైన ఎముక స్కాన్‌లో దట్టంగా కనిపిస్తుంది, కానీ బలం పెరగదు. అమెరికాలో ఎముకలు గుల్లబారిన వృద్ధ మహిళలకు నాలుగేళ్లు సోడియం ఫ్లోరైడ్ ఇచ్చి చూసిన 1990 నాటి పరిశోధనలో వెన్నెముక సాంద్రత 35 శాతం పెరిగింది. వెన్నెముక కాని చోట్ల విరగడాలు మాత్రం తగ్గకపోగా ఎక్కువయ్యాయి. మిషన్ భగీరథ పథకం కింద శుద్ధి చేసిన నీళ్లు వచ్చాక పుట్టిన పిల్లల సంగతి వేరు. ఇప్పుడు కానిస్టేబుల్ పరుగుకు దిగుతున్న ఇరవై, ఇరవై రెండేళ్లవాళ్ల ఎముకలు పోసుకున్నది మాత్రం బోరు నీళ్ల రోజుల్లోనే. వాళ్లకు పరుగులో ముప్పు ఎక్కువా, మామూలేనా అన్నది ఊహతో తేల్చే విషయం కాదు. నల్లగొండ మెడికల్ కాలేజీ, బీబీనగర్ ఎయిమ్స్, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ మూడూ రెండు గంటల ప్రయాణం లోపలే ఉన్నాయి. వచ్చే నియామకాల్లో ఈవెంట్స్‌కు ఆరు నెలల ముందే అభ్యర్థులను నమోదు చేసుకుని వెంట నడిస్తే ఒక్క సీజన్‌లో జవాబు దొరుకుతుంది. అది మొదలయ్యేలోపు ఎముకల ఓపీలో కాలు నొప్పితో కూర్చున్న కుర్రాడిని డాక్టర్లు రెండు ప్రశ్నలు అడిగి చీటీ మీద రాస్తే చాలు: పరుగు మొదలుపెట్టి ఎన్ని వారాలైంది, పదేళ్ల వయసు దాకా ఏ ఊరి నీళ్లు తాగావు.