ఉరుముల వాయిద్యానికి ఆ పద్ధతి పనికిరాదు
ఏ శబ్దం రికార్డు చేసి సింథ్ ఆసిలేటర్‌లో (ఎలక్ట్రానిక్‌గా స్వరం పుట్టించే భాగంలో) వేసినా కొత్త వాయిద్యం తయారైపోతుందని, సొంత శబ్దాలతో సింథ్ వాయిద్యాలు చేసుకోవడం గురించిన ఈ వ్యాసంలో రాశారు కానీ అది సగమే నిజం. నాదస్వరం, హార్మోనియం లాగా శ్రుతి నిలకడగా ఉండేవాటికి సరే. 220 హెర్ట్జ్ స్వరమైతే 44,100 శాంపిల్ రేటులో (సెకనుకి అన్ని కొలతలు, ఒక్కోటి ఒక శాంపిల్) ఒక్క సైకిల్, అంటే శబ్దపు అల ఒకసారి పూర్తయ్యే ముక్క, సుమారు 200 శాంపిల్సే, అంత ముక్క కోసి మొదలూ చివరా అతికేలా చూసుకుని తిప్పితే ఏ మెట్టు నొక్కినా పలుకుతుంది. మా అనంతపురం వైపు ఉరుములు అనే డోలు వాయిద్యంతో అలా చేసి చూడండి, దోమ గుయ్‌మన్నట్టు వస్తుంది అంతే, ఎందుకంటే దాని ప్రాణమంతా దెబ్బ పడిన క్షణంలోనూ ఆ మూలుగు మారుతూ పోవడంలోనూ ఉంది, ఒక్క సైకిల్‌లో అదెక్కడ పడుతుంది? వైటల్, సీరమ్ అనే సాఫ్ట్‌వేర్ సింథ్‌లలో 2048 శాంపిల్స్ చొప్పున 256 ఫ్రేముల (వరసగా ఒకదాని తర్వాత ఒకటి వచ్చే సైకిళ్ల) దాకా పెట్టుకోవచ్చు కాబట్టి మూలుగు వరకు కొంత దొరుకుతుంది, నేను దాన్ని కింది స్థాయిలో బేస్‌కి వాడుతుంటాను, బాగానే ఉంటుంది. దెబ్బ కావాలంటే మాత్రం మామూలు శాంప్లర్‌లో (రికార్డింగ్‌ని ఉన్నదున్నట్టు వాయించేదానిలో) వేసి పైన కలుపుకోవాల్సిందే. ఇంకోటి, సొంతంగా ఇలాంటి సింథ్ ప్లగిన్ రాసుకునేవాళ్లు పై హార్మోనిక్స్ (మూల స్వరంతో పాటు పలికే పై పౌనఃపున్యాలు) కత్తిరించకపోతే పై స్వరాల్లో గరగర వస్తుంది, వ్యాసంలో దాని ఊసే లేదు.