తొంభై రోజుల పథ్యంతో ఎగ్జిమా పోతుందా? వాట్సాప్ సందేశానికి ఒక ఖండన

చర్మం పొడిబారి, ఎర్రబడి దురదపెట్టే ఎగ్జిమా నిజానికి చర్మానికి వచ్చిన జబ్బు కాదనీ, పేగుల్లో పుట్టిన విషం రక్తంలో చేరి చర్మం గుండా బయటికి వస్తోందనీ చెప్పే సందేశం ఒకటి కొంతకాలంగా మన కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. పాలు, గుడ్డు, గోధుమ, చేప, వంకాయ, గోంగూర 90 రోజులు మానేస్తే వ్యాధి మూలంతో సహా పోతుందని అది హామీ ఇస్తుంది. ఎవరికి ఏది పడదో తేల్చుకోవడానికి 200 ఆహారాలకు ఒకేసారి చేసే రక్తపరీక్ష చేయించుకోమంటుంది. మానడం వల్ల నష్టమేమీ లేదంటుంది. ఎగ్జిమా ఉన్న బిడ్డకు మూడేళ్ళు నిండేదాకా వేరుశనగ, గుడ్డు చూపించవద్దంటుంది. పూతమందులు రోగాన్ని లోపలికి తోస్తాయని ముగిస్తుంది. మా బంధువుల ఇంట్లో ఒక పాపకు ఈ పథ్యం మొదలుపెట్టబోతున్నారని తెలిసి రాస్తున్న జవాబు ఇది.

ముందుగా ఇందులో ఉన్న నిజాన్ని ఒప్పుకోవాలి. ఎగ్జిమాకూ ఆహార అలర్జీకీ సంబంధం ఉంది. ఒక మోస్తరు నుంచి తీవ్రమైన ఎగ్జిమాతో నిపుణుల దగ్గరికి వచ్చిన పిల్లల్లో మూడోవంతుకు పైగా ఏదో ఒక ఆహారానికి అలర్జీ ఉన్నట్టు 1998లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో తేలింది. అంటే అంత తీవ్రమైన ఎగ్జిమా ఉన్నవారిలో కూడా ఎక్కువమందికి ఆహార అలర్జీ లేదన్నమాట. స్వల్పంగా ఉన్న పిల్లల్లోనూ, పెద్దవారిలోనూ అది ఇంకా అరుదు. ఈ గందరగోళంలో మన భాషకూ కొంత పాత్ర ఉందని నాకు అనిపిస్తుంది. చేప తిన్న పావుగంటకు పెదవులు వాచి ఊపిరాడకపోయినా, పాలు తాగితే కడుపు ఉబ్బరించినా, టమాటా పులుపు తగిలి పసివాడి నోటి చుట్టూ ఎర్రబడినా, మామిడిపండు ‘వేడి చేసినా’ అన్నిటికీ మనం ‘పడదు’ అనే ఒక్క మాటే వాడతాము. వీటిలో మొదటిది మాత్రమే కచ్చితంగా అలర్జీ.

ఇక ‘విషం పేగుల్లో పుడుతుంది’ అన్న మాట. 2006లో స్కాట్లండ్‌లోని డండీ విశ్వవిద్యాలయ పరిశోధకుల బృందం, ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువులో లోపం ఉన్నవారికి ఎగ్జిమా వచ్చే అవకాశం బాగా ఎక్కువని చూపింది. చర్మపు పైపొరను బిగువుగా, తేమగా ఉంచే పని ఈ ప్రోటీన్‌ది. అది తగ్గినప్పుడు లోపలి నీరు ఆవిరైపోతుంది; బయటి నుంచి సబ్బు, ధూళి, సూక్ష్మక్రిములు, ఆహారపు రేణువులు లోపలికి చొరబడతాయి. ఇక్కడే సందేశం కారణాన్నీ ఫలితాన్నీ తారుమారు చేసింది. ఆహారం వల్ల చర్మం చెడడం కన్నా, చెడిన చర్మం వల్ల ఆహారానికి అలర్జీ ఏర్పడడమే తరచుగా జరుగుతున్నదని గత ఇరవై ఏళ్ళ ఆధారాలు సూచిస్తున్నాయి. లండన్‌కు చెందిన అలర్జీ నిపుణుడు గిడియన్ లాక్ బృందం 2003లో, పసితనంలో పొక్కిన చర్మానికి వేరుశనగ నూనె కలిసిన క్రీములు రాసిన పిల్లల్లో వేరుశనగ అలర్జీ ఎక్కువగా ఉన్నట్టు గమనించింది. జపాన్‌లో గోధుమ ప్రోటీన్‌ను విడగొట్టి కలిపిన ఒక ముఖం సబ్బు వాడినవారిలో 2,000 మందికి పైగా, అంతవరకూ నిక్షేపంగా తిన్న గోధుమకే అలర్జీ తెచ్చుకున్నారు. ఈ లెక్కన, పగిలి రసి కారుతున్న చర్మానికి శనగపిండి, మీగడ కలిపి నలుగు పెట్టే అలవాటును ఎగ్జిమా తగ్గేదాకా పక్కన పెట్టడం, కంచంలోంచి పప్పు తీసేయడం కన్నా తెలివైన పని.

90 రోజుల హామీకి వద్దాము. ఎగ్జిమాకు ఆహార నియమాలపై జరిగిన 9 ప్రయోగాలను, మొత్తం 421 మంది వివరాలను కలిపి చూసిన 2008 నాటి కోక్రేన్ (వైద్య ప్రయోగాల ఫలితాలను కలిపి బేరీజు వేసే అంతర్జాతీయ సంస్థ) సమీక్షకు, గుడ్డుకు అలర్జీ ఉన్నట్టు అనుమానం ఉండి రక్తపరీక్షలోనూ అది కనిపించిన పసిపిల్లల్లో గుడ్డు మానితే కొంత ప్రయోజనం ఉండవచ్చన్న ఒక్క సూచన తప్ప, మిగిలినవారు పాలు, గుడ్డు మానడం వల్ల మేలు జరిగిందనడానికి ఆధారం దొరకలేదు. 2022లో 10 ప్రయోగాలను కలిపి చేసిన మరో సమీక్షలో, ఆహారం మానినవారిలో 50 శాతం మంది చెప్పుకోదగ్గంత మెరుగుపడగా, ఏదీ మాననివారిలో 41 శాతం మంది మెరుగుపడ్డారు. ఏమీ మానకుండానే ఇంతమందికి తగ్గుతున్నదన్న సంగతి ఆ రెండో అంకెలో ఉంది. ఎగ్జిమా తనంతట తాను హెచ్చుతూ తగ్గుతూ ఉండే జబ్బు. మూడు నెలల్లో ఋతువు మారుతుంది, చలికాలపు పొడి తగ్గుతుంది, పథ్యం మొదలుపెట్టిన ఇంట్లో సబ్బు మారుతుంది, కొబ్బరినూనె వస్తుంది. ఘనత మాత్రం వంకాయ మానడానికే దక్కుతుంది.

ఆ వంకాయ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దురద అన్న మాట వినగానే మన పెద్దలు ముందుగా నిషేధించేది దాన్నే. వంకాయలో దురద పుట్టించే హిస్టమిన్ అనే రసాయనం సహజంగా ఉంటుంది కాబట్టి కొందరికి తిన్నాక నోరు, గొంతు దురద పెట్టడం అపోహ కాదు. అయితే మైసూరు పరిశోధకులు 2008లో ప్రచురించిన సర్వేలో, వంకాయతో ఇబ్బందో, చర్మపరీక్షలో స్పందనో ఉన్నవారు సుమారు 9 శాతం కాగా, నిజమైన అలర్జీ ఉన్నవారు 1 శాతానికి లోపే. తిన్నప్పుడల్లా దురద పెడితే ఆ మనిషి వంకాయ మానవచ్చు. అందుకని ఎగ్జిమా ఉన్న ఊరందరూ మాననక్కరలేదు. మరో తప్పిదం ఇంతకన్నా పెద్దది. పొలం పనులు చేసే నడివయసు వారికి ముఖం, మెడ, మోచేతి మడతలు ఏటా ఒకే కాలంలో నల్లబడి మందంగా తయారై దురద పెడుతుంటే, వయ్యారిభామ మొక్క రేణువులు గాలిలో వచ్చి చర్మానికి తగలడం వల్ల కలిగే ఎగ్జిమాను ముందుగా అనుమానించాలి. అటువంటి మనిషి గోంగూర మాని, ఆ మొక్కల మధ్యకే రోజూ వెళితే తగ్గేదెలా?

200 ఆహారాల రక్తపరీక్ష సాధారణంగా కొలిచేది ఐజీజీ అనే ప్రతిరక్షకాలను (యాంటీబాడీలను). ఒక ఆహారాన్ని తరచుగా తినే ఎవరికైనా ఇవి తయారవుతాయి. అవి ఆ ఆహారంతో శరీరానికి పరిచయం ఉందని, చాలాసార్లు దాన్ని సహిస్తున్నదని మాత్రమే చెబుతాయి. ఆహార అలర్జీని గుర్తించడానికి ఈ పరీక్ష వాడవద్దని యూరప్ అలర్జీ నిపుణుల సంఘం 2008లోనే స్పష్టం చేసింది. రోజూ అన్నం, కందిపప్పు, పెరుగు తినే మనిషికి రిపోర్టులో అన్నం, కందిపప్పు, పెరుగే ఎర్రగా కనిపిస్తే అందులో ఆశ్చర్యపడవలసింది లేదు.

తక్షణ అలర్జీలో పాత్ర ఉన్న ఐజీఈ అనే మరో రకం ప్రతిరక్షకాల కోసం అలర్జీ నిపుణులు చేయించే పరీక్ష వేరు, కానీ దాన్ని కూడా ఒంటరిగా నమ్మకూడదు. బెంగళూరు, మైసూరు ప్రాంతాల పెద్దవారిపై జరిగి 2016లో వెలువడిన అధ్యయనంలో 26.5 శాతం మంది రక్తంలో ఏదో ఒక ఆహారానికి ఐజీఈ కనిపించింది. ఆహార అలర్జీ ఉండే అవకాశం ఉన్నవారు 1.2 శాతమే. అందుకే రోగనిర్ధారణ రోగి చెప్పే కథనంతో మొదలవుతుంది: ఏది తిన్నారు, ఎంత తిన్నారు, ఎంతసేపటికి ఏమయింది, తిన్న ప్రతిసారీ అలాగే అయిందా. దద్దుర్లు, వాపు, వాంతులు, ఆయాసం సాధారణంగా రెండు గంటల లోపే వస్తాయి. ఎగ్జిమా మాత్రమే రేగడానికి ఒకటి రెండు రోజులు పట్టవచ్చు. ఆ కథనం వేలెత్తి చూపిన ఒకటి రెండు ఆహారాలకే స్కిన్ ప్రిక్ టెస్టు (ఆ ఆహారపు సారాన్ని చర్మంపై చుక్కగా వేసి సూదితో గీరి చూసే పరీక్ష) లేదా ఐజీఈ పరీక్ష చేస్తారు. అవసరమైతే ఆ ఆహారాన్ని రెండు నుంచి నాలుగు వారాలు ఆపి, మళ్ళీ వైద్యుల పర్యవేక్షణలో కొద్దికొద్దిగా పెట్టి చూస్తారు. ఈ చివరి అడుగే అసలైన నిర్ధారణ, సందేశంలో దాని ఊసే లేదు.

‘మానితే నష్టమేముంది?’ అన్న ప్రశ్న వినడానికి ఎంత అమాయకంగా ఉన్నా, సందేశం మొత్తంలో ప్రమాదకరమైనది ఇదే. ఆహారం వల్ల ఎగ్జిమా రేగుతున్నదని తేలిన దాదాపు 300 మంది పిల్లలను గమనించిన ఒక అమెరికా అధ్యయనం 2016లో వెలువడింది. అంతకుముందు ఎన్నడూ తక్షణ అలర్జీ చరిత్ర లేని పిల్లల్లో 19 శాతం మందికి, ఆహారం మానిపించిన తరువాత మళ్ళీ అది నోటికి తగిలినప్పుడు తక్షణ అలర్జీ వచ్చింది. వాటిలో సుమారు మూడోవంతు అనాఫిలాక్సిస్, అంటే ఒళ్ళంతటా ఒక్కసారిగా వచ్చి ప్రాణాంతకం కాగల తీవ్ర అలర్జీ. రోజూ తింటున్నంతకాలం శరీరం ఆ ఆహారాన్ని సహిస్తూ వచ్చింది, మానడంతో ఆ సహనం పోయి ఉండవచ్చు. అంటే దురదతో ఉన్న బిడ్డ ఊపిరాడని స్థితికి చేరే దారి ఒకటి పథ్యం గుండానే వెళుతున్నది. ఇక పాలు, గుడ్డు, గోధుమ, చేప ఒక్కసారిగా తీసేసిన పసివాడికి ప్రోటీన్, కాల్షియం ఎక్కడి నుంచి వస్తాయో సందేశం చెప్పదు. ఎగ్జిమా భయంతో, పాల అలర్జీ అనుమానంతో ఆవుపాలు మానిపించి బియ్యం పాలు పట్టిన పిల్లలకు సంపన్న అమెరికాలోనే క్వాషియోర్కర్ (ప్రోటీన్ లోపంతో ఒళ్ళు ఉబ్బే జబ్బు) వచ్చిన సంఘటనలు వైద్య పత్రికలలో నమోదై ఉన్నాయి.

మూడేళ్ళ నియమం ఒకప్పటి వైద్యుల సలహాయే. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2000లో, అలర్జీ ముప్పు ఎక్కువున్న పిల్లలకు గుడ్డు రెండేళ్ళ దాకా, వేరుశనగ మూడేళ్ళ దాకా పెట్టవద్దని చెప్పి, 2008లో వెనక్కి తీసుకున్నది. తీవ్రమైన ఎగ్జిమా లేదా గుడ్డు అలర్జీ ఉన్న 640 మంది పసిపిల్లలపై లండన్‌లో జరిగి 2015లో వెలువడిన ప్రయోగంలో, ఐదేళ్ళ వయసుకు వేరుశనగకు దూరంగా ఉంచిన వారిలో 17.2 శాతం మందికి, మొదటి ఏడాదిలోనే తినడం మొదలుపెట్టినవారిలో 3.2 శాతం మందికి మాత్రమే వేరుశనగ అలర్జీ కనిపించింది. ఎగ్జిమా తీవ్రంగా ఉన్న బిడ్డకు మొదటిసారి పెట్టేముందు వైద్యులను అడగాలి. పెట్టేటప్పుడు గింజలుగా కాక, గొంతుకు అడ్డం పడకుండా మెత్తని ముద్దగా, పలుచగా పెట్టాలి.

పూతమందుల గురించి చివరి మాట. అవి రోగాన్ని లోపలికి తోయవు. వైద్యులు చెప్పిన మోతాదులో స్టెరాయిడ్ పూత, దానితోపాటు రోజుకు రెండుసార్లయినా ధారాళంగా రాసే మాయిశ్చరైజర్, ఇవే నేటికీ చికిత్సకు ఆధారం. కాకపోతే మందుల షాపులో అడిగి తెచ్చుకునే మూడు మందుల (స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు) మిశ్రమం ట్యూబులు వేరు సంగతి. వాటిలోని ఘాటైన స్టెరాయిడ్ చర్మాన్ని పలచబరుస్తుంది, ఫంగస్ వల్ల వచ్చే తామరను ఎగ్జిమా అనుకుని రాస్తే దాన్ని ఒళ్ళంతా పాకిస్తుంది. ఇటువంటి దుర్వినియోగం పెరగడంతోనే కేంద్ర ప్రభుత్వం 2018లో 14 స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడని జాబితాలోకి చేర్చింది.