సవరణ: రాచిప్ప రాయి లావా గడ్డకట్టి పుట్టింది కాదు

రాచిప్పల (బలపపు రాతితో చేసే వంట పాత్రల) మీద నేను రాసిన పోస్టులో ఒక తప్పు దొర్లింది. బలపపు రాయి కరిగిన లావా చల్లారి ఏర్పడుతుందని రాశాను. అది నిజం కాదు, దయచేసి దిద్దుకోండి. అది రూపాంతర శిల. అంటే భూమి లోపల అప్పటికే ఉన్న రాయి కరిగిపోకుండా, ఘనరూపంలోనే వేడికీ ఒత్తిడికీ వేరే ఖనిజాలుగా మారడం. ఈ 'కరగకుండా' అన్న మాటే అసలు కీలకం. కరిగి గడ్డకడితే దాన్ని అగ్నిశిల అంటాం.

మన నంద్యాల జిల్లా బేతంచెర్ల దగ్గరి ముద్దవరం రాయినే తీసుకోండి. అక్కడ మొదట ఉన్నది డోలమైట్ అనే సున్నపురాయి లాంటి రాయి, దానిలో మెగ్నీషియం ఉంటుంది. పక్కనే చొచ్చుకొచ్చిన శిలాద్రవం (భూమి లోపలి కరిగిన రాయి) దాన్ని వేడెక్కించింది. సిలికా కలిసిన వేడినీళ్లు పగుళ్లలోకి చేరాయి. కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి, బలపపు రాయిలో ప్రధాన ఖనిజమైన టాల్క్ ఏర్పడింది. శిలాద్రవం పాత్ర అక్కడ పొయ్యి లాంటిది మాత్రమే, నేను పొరబడింది సరిగ్గా ఇక్కడే. కొన్నిచోట్ల మెగ్నీషియం ఎక్కువగా ఉండే పెరిడొటైట్ లాంటి శిలల నుంచీ బలపపు రాయి వస్తుంది.

టాల్క్ గోటితో గీరినా గీత పడేంత మెత్తన. పులుపుకు కరగదు కూడా. అందుకే మా అమ్మమ్మ పులుసు రాచిప్పలోనే కాచేది. పోస్టులో ఆ భాగం మార్చలేదు.