కార్పాట్కా పోప్ తలచుకున్న కేకు కాదు, అరగంటలో అయ్యేదీ కాదు

పోలండ్ వాళ్ల క్రీము కేకు కార్పాట్కా గురించి ఒక వంట సందేశం ఫోన్లలో తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: ఇది పోప్ రెండవ జాన్ పాల్ ఇష్టంగా తిన్న కేకు, బేకింగ్ పౌడర్ దండిగా వేస్తేనే పొంగుతుంది, ఓవెన్ అక్కర్లేదు, మూత పెట్టిన పెనం చాలు, కస్టర్డ్ పౌడర్‌తో చేసిన క్రీము వేడివేడిగా మధ్యలో పోస్తే అరగంటలో సిద్ధం, కోడిగుడ్డు లేకుండానూ చేసుకోవచ్చు. ఇన్ని మాటల్లో నిలబడేది ఒక్కటే, అది కస్టర్డ్ పౌడర్ మాట.

ముందు పోప్ సంగతి. 1999 జూన్ 16న ఆయన సొంత ఊరు వాడోవీట్సెకు వచ్చినప్పుడు, బడి చదువు ముగించే ఆఖరి పరీక్ష అయ్యాక స్నేహితులతో కలిసి తిన్న మిఠాయిని జనం ముందు తలచుకున్నారు. ఆ మిఠాయి పేరు క్రెమూఫ్కా. అప్పటినుంచి అది ‘పోప్ క్రెమూఫ్కా’గా అమ్ముడవుతోంది. వెన్న పెట్టి మడతలు మడతలుగా ఒత్తిన పొరల పిండి రెండు పలకలు, మధ్యలో క్రీము, అదీ క్రెమూఫ్కా. కార్పాట్కా పిండే వేరు. క్రీము ఉన్నంత మాత్రాన రెండూ ఒకటైపోవు.

బేకింగ్ పౌడర్ దగ్గర అసలు పొరపాటు ఉంది. కార్పాట్కాను పొంగించేది ఆవిరి. చేగోడీలకు బియ్యప్పిండిని మరిగే నీళ్లలో పోసి ఉడికించినట్టే ఇక్కడ మైదాను ఉడికిస్తారు. పావు లీటరు నీళ్లలో 125 గ్రాముల వెన్న కరిగించి, బాగా మరిగాక 150 గ్రాముల మైదా ఒక్కసారిగా కుమ్మరించి, మంట మీదే గట్టిగా కలపాలి. పిండి ముద్దయి గిన్నె అంచులు వదిలేసి, అడుగున పల్చని పొర అంటుకున్నప్పుడు దించాలి. గోరువెచ్చగా అయ్యాక నాలుగైదు గుడ్లు, ఒకటి పూర్తిగా కలిశాకే మరొకటి. చివరి గుడ్డును విడిగా గిలకొట్టి కొంచెం కొంచెంగా పోయడం మేలు. గరిటె ఎత్తితే పిండి తెగి పడకుండా త్రికోణం ఆకారంలో వేలాడాలి, అక్కడితో ఆపేయాలి. పలచబడితే తిరిగి చిక్కబరచడం కష్టం.

ఉడికిన పిండి నీటిని ఎక్కువగా పట్టుకుంటుంది. 200 డిగ్రీల వేడిలో ఆ నీరు ఆవిరై పిండిని పైకి తోస్తుంది, గుడ్డు గట్టిపడి ఆ ఆకారాన్ని నిలబెడుతుంది. అందుకే పలక పైభాగం ఎగుడుదిగుడుగా కొండల్లా లేస్తుంది. పోలండ్ దక్షిణాన ఉన్న కార్పాతియన్ పర్వతాలను బట్టే దీనికా పేరు. పిండిని రెండు పలకలుగా బేకింగ్ కాగితం మీద పరిచేటప్పుడు నున్నగా సవరించడానికి తంటాలు పడనక్కర్లేదు, గరిటె గుర్తులు ఉండనివ్వండి. పోలండ్ ఇళ్లలోనూ కొందరు అర చెంచా బేకింగ్ పౌడర్ వేస్తారు, వేస్తే నష్టం లేదు. దండిగా వేయమనడమే అర్థం లేని మాట.

ఇక మూత పెట్టిన పెనం. కింద మాత్రమే వేడి తగిలి, పైన ఆవిరి చెమ్మ పట్టి ఉంటే పిండి పైభాగం ఎండి గట్టిపడేదెలా? వచ్చేది మందపాటి గుడ్డు అట్టు. ఓవెన్‌లోనైనా మొదటి ఇరవై నిమిషాలు తలుపు తీయకూడదు, తీస్తే కొండలన్నీ కూలుతాయి. చిన్న ఓవెన్ అయితే రెండు పలకలనూ ఒకదాని తర్వాత ఒకటి కాల్చుకోవాలి. అరగంట లెక్క ఇక్కడే తప్పింది.

కస్టర్డ్ పౌడర్ విషయంలో మాత్రం సందేశాన్ని తప్పుపట్టను. పోలండ్‌లోనూ చాలామంది పొట్లం పొడితోనే క్రీము చేస్తారు, అదీ ప్రధానంగా పిండిపదార్థం, సువాసనే. తప్పల్లా వేడిగా పోయమనడంలో ఉంది. కార్పాట్కా క్రీములో సగం రుచి వెన్నది. అర లీటరు పాలతో చిక్కగా కాచిన కస్టర్డ్‌కు 200 గ్రాముల వెన్న పడుతుంది. కస్టర్డ్ మీద మీగడ కట్టకుండా పల్చని ప్లాస్టిక్ కాగితాన్ని దానికే తగిలేలా కప్పి పూర్తిగా చల్లారనివ్వాలి. మెత్తబడిన వెన్నను తెల్లగా నురగ వచ్చేదాకా గిలకొట్టి, అందులో కస్టర్డ్‌ను చెంచా చెంచాగా కలపాలి. రెండూ గది వేడిమిలోనే ఉండాలి. ఒకటి చల్లగా ఉంటే క్రీము విరిగిన పాలలా గింజలు కడుతుంది. అలా అయితే పారబోయకండి, గిన్నెను కాసేపు వేడినీళ్ల మీద పెట్టి మళ్లీ గిలకొడితే చాలావరకు కలిసిపోతుంది. మన దుకాణాల్లో ఎక్కువగా దొరికే పసుపు వెన్న ఉప్పు కలిపినది, అది వాడితే క్రీము నోట పెట్టలేం.

గుడ్డు లేని కార్పాట్కా సంగతి రెండు ముక్కల్లో: క్రీము గుడ్డు లేకుండా చక్కగా వస్తుంది, పలక రాదు. గుడ్డు తినని వాళ్లు ఆ క్రీమునే రెండు బిస్కెట్ పొరల మధ్య పెట్టుకుని, దానికి ఇంకేదైనా పేరు పెట్టుకోవచ్చు.

క్రీము పరిచి రెండో పలక మూశాక కనీసం మూడు నాలుగు గంటలు ఫ్రిజ్‌లో ఉంచాలి. ముందే కోస్తే క్రీము పక్కలనుంచి జారిపోతుంది. పైన చల్లే చక్కెర పొడి వడ్డించే ముందే చల్లండి, ఫ్రిజ్ తేమకు అది కరిగి మరకలు కడుతుంది.