బావ అన్న మార్చరాదు, లైసెన్సు అన్న మార్చరాదు

నల్గొండలో మా కంప్యూటర్ షాపులవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఈ మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "ప్రోగ్రాం ఉచితంగా ఇచ్చి, కాపీ చేసుకోమన్నాక ఇంకేం కావాలి? మార్చుకునే హక్కు లేదని డెబియన్ లాంటివాళ్లు మంచి ప్రోగ్రాములను పక్కన పెట్టడం వట్టి ఛాదస్తం" అని. డెబియన్ అంటే స్వేచ్ఛగా వాడి, మార్చుకోగల ప్రోగ్రాములను ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌గా కూర్చి ఉచితంగా పంచే బృందం. మెసేజ్ కింద కారణాల చిట్టా.

మొదటిది: "వాడేవాళ్లలో కోడ్ ముట్టేదెవరు?" నిజమే, సూర్యాపేట యార్డులో కమీషన్ దుకాణం నడిపే మా బావ ముట్టడు. కానీ 2016 అక్టోబర్ 11న సూర్యాపేట వేరే జిల్లా అయింది. ఆయన తక్‌పట్టీలు (రైతుకిచ్చే లెక్క చీటీలు) ప్రింట్ చేసే ప్రోగ్రాం ఎవరో ఉచితంగా ఇచ్చింది, దాంట్లో నల్గొండ జిల్లా అని లోపలే రాసేశారు. రబ్బరు స్టాంపు చేయించి ప్రతి పట్టీ మీదా కొట్టేవాడు. సీజన్‌లో ప్యాడ్ ఎండిపోయి 'ర్యాపేట' అనే పడేది. "గా ఒక్క లైను నువ్వే మార్చరాదు బావా" అన్నాడు. సోర్సు (ప్రోగ్రాం అసలు కోడ్) తెరిచి చూశా, నిజంగానే ఒక్క లైను. లైసెన్సు చెప్పేదీ 'మార్చరాదు' అనే, కాకపోతే మా బావ అన్న అర్థంలో కాదు! కోడ్ రానివాడికే ఆ హక్కు ఎక్కువ అవసరం. వచ్చినవాడితో చేయించుకుంటాడు.

"రాసినవాణ్ణి అడగొచ్చుగా" అనేది రెండోది. అడుగుదామనే ఫోన్ చేశాం. ఆ నంబరు వాడుకలో లేదు.

మూడోది: "ఎవడో పాడుచేస్తే రచయిత పేరు చెడుతుంది." దీనికి డెబియన్ 1997 నియమాల్లోనే జవాబుంది. మార్చడానికీ, మార్చింది పంచడానికీ వీలుండాలని మూడో నియమం. మార్చినవాడు వేరే పేరు పెట్టుకోవాలని రచయిత షరతు పెట్టొచ్చని నాలుగోది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ పేరు దగ్గర దాన్ని తయారుచేసే మొజిల్లాతో పేచీ వచ్చినప్పుడు 2006లో డెబియన్ దాన్ని ఐస్‌వీజిల్ పేరుతో ఇచ్చింది. 2016లో మళ్లీ అసలు పేరు పెట్టింది.

ఇక "మంచి ప్రోగ్రాములు పోతున్నాయి" అనేది. డేనియల్ బెర్న్‌స్టీన్ రాసిన క్యూమెయిల్‌నే చూడండి. భద్రతకు పేరున్న మెయిల్ సర్వర్, ఉచితం, సోర్సూ ఉంది. కానీ మార్చిన కాపీని పంచనివ్వలేదు. 1998లో 1.03 ఇచ్చాక ఆయన కొత్త వెర్షన్ తేలేదు. జనం ప్యాచ్‌లు (దిద్దుబాటు ముక్కలు) విడిగా పంచుకుని, ఎవరికి వారు అసలు కోడ్‌కి అతికించి కంపైల్ చేసుకునేవారు. లోపం బయటపడితే వెంటనే సరిచేసి పంపాల్సిన డెబియన్ లాంటి డిస్ట్రిబ్యూషన్ వాళ్లు, చేతులు కట్టేసిన ప్రోగ్రాంకి ఎలా పూచీ పడతారు? 2007లో ఆయనే దాన్ని పబ్లిక్ డొమైన్‌లోకి, అంటే ఎవరైనా మార్చి పంచుకునేలా, వదిలేశాడు.

ఒక చురక మాత్రం తగిలింది: "మరి మీ జీపీఎల్ లైసెన్సు పాఠాన్ని మార్చనిస్తారా?" జీపీఎల్ అంటే ప్రోగ్రాంని మార్చుకునే హక్కిచ్చే పేరున్న లైసెన్సు. దాని పాఠాన్ని మాత్రం మార్చనివ్వరు. కాపీ చేసుకోవచ్చు, మార్చకూడదని దాని మొదట్లోనే ఉంది. డెబియన్ దాన్ని అలాగే ఇస్తోంది. ఒప్పందం కాగితాన్ని ఎవరికి వారు దిద్దుకుంటే ఇక ఒప్పందమేముంటుంది? ఆ మినహాయింపు నాకు సబబే. తక్‌పట్టీ ప్రోగ్రాం ఒప్పందం కాగితం కాదుగా.