యూమాస్ దగ్గర రెండూ పోగొట్టుకున్నాం
ఈ 2022 ఏప్రిల్‌లో బోస్టన్‌లో అమెరికా కాలేజీ ఐస్ హాకీ కప్పు ఎత్తిన మన డెన్వర్ యూనివర్సిటీ జట్టు, అక్టోబర్‌లో అదే మసాచుసెట్స్‌కి వెళ్లి యూమాస్ (మసాచుసెట్స్ యూనివర్సిటీ) చేతిలో రెండు మ్యాచ్‌లూ ఓడొచ్చింది. ఈ ఓటముల మీద వచ్చిన వ్యాసంలో కారణం ప్రయాణ అలసట అని రాశారు. మొదటి రాత్రికైతే ఒప్పుకుంటానండీ, రెండో రాత్రికి కూడానా?

అసలు లోటు బాబీ బ్రింక్‌ది. పోయిన సీజన్‌లో దేశం మొత్తం మీద ఎక్కువ పాయింట్లు అతనివే. కెప్టెన్ గట్‌మన్ కూడా వెళ్లిపోయాడు. ఫైనల్లో మిన్నెసోటా స్టేట్ మీద రెండు పీరియడ్లు 0-1తో వెనకబడి, మూడో దాంట్లో ఐదు గోల్స్ కొట్టాం చూడండి, ఆ కసి ఇప్పుడు కనబడటం లేదు. కోచ్ కార్ల్‌ని అప్పుడే తిట్టేవాళ్లు కాస్త ఆగండి. సీజన్ ఇప్పుడేగా మొదలైంది! నాకూ టెన్షన్‌గానే ఉంది, అది వేరే విషయం.