మత్తులో ఉన్న మనిషి రీల్‌కి ఒప్పుకున్నాడా?

గాల్ బ్లాడర్‌లోంచి తీసిన రాళ్లను ట్రేలో పేర్చి, పక్కన స్కేలు పెట్టి, వెనక సినిమా బీజీఎం వేసి వదిలిన రీల్ మీ ఫోన్‌కీ వచ్చే ఉంటుంది. సర్జన్ ముఖం, ఆస్పత్రి పేరు, అపాయింట్‌మెంట్ నంబరు అన్నీ కనిపిస్తాయి. రోగి ముఖం కనిపించదు. ముఖం లేదు కాబట్టి తప్పు లేదట!

ఈ వాదనకు మూలం 2002 నాటి వైద్య మండలి నిబంధనలు. అప్పటికి ఫేస్‌బుక్ పుట్టనేలేదు. రోగిని గుర్తుపట్టేలా జర్నల్‌లో ఫొటో వేయాలంటే అనుమతి కావాలి, గుర్తుపట్టలేకపోతే అక్కర్లేదు అని అందులో ఉంది. డాక్టర్లు చదివే పత్రిక కోసం రాసిన రూలు అది. చిన్న ఊళ్లో మంగళవారం ఎవరికి ఆపరేషన్ అయిందో బుధవారానికి అందరికీ తెలుస్తుంది. అక్కడ ముఖమెందుకు, చేతిమీద పచ్చబొట్టు చాలు.

2023 ఆగస్టు 2న, ఆ మండలి స్థానంలో వచ్చిన జాతీయ వైద్య కమిషన్ కొత్త నిబంధనలు తెచ్చింది. గొప్ప ఫలితాలు చూపించే ఆపరేషన్ వీడియోలు పెట్టొద్దంది, లైకులు కొనొద్దంది. అదే నెల 23న అన్నింటినీ పక్కన పెట్టేసింది. గొడవ ప్రధానంగా అందులోనే ఉన్న మరో రూలు గురించి: బ్రాండ్ పేరుతో కాక జనరిక్ పేరుతోనే మందులు రాయాలన్నది. పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రమన్నట్టు ఇవీ కొట్టుకుపోయాయి. అదే ఏడాది అమెరికాలో ఒహాయో మెడికల్ బోర్డు, టిక్‌టాక్ లైవ్‌లో ఆపరేషన్లు చేసిన ప్లాస్టిక్ సర్జన్ లైసెన్సునే రద్దు చేసింది.

సోషల్ మీడియాలో సర్జన్లు నేర్చుకుంటారంటారు. నిజమే. న్యూయార్క్ సర్జన్ బ్రయన్ జేకబ్ 2012లో ఫేస్‌బుక్‌లో మొదలుపెట్టిన హెర్నియా గ్రూపులో వేలమంది సర్జన్లు కష్టమైన కేసులు చర్చించుకుంటారు. కానీ అది తలుపులు వేసుకుని మాట్లాడుకునే చోటు. రీల్‌లో వికటించిన ఆపరేషన్ ఎప్పుడైనా చూశామా? అది చదువు కాదు, బోర్డు కట్టి బేరం పిలవడం.

'పేషెంట్ సంతకం పెట్టాడుగా' అని ఇంకో మాట. ఏ కాగితం మీద? అసలు జబ్బు అక్కడుంది. తెలుగు తప్ప మరోటి రాని మనిషికి ఇంగ్లిష్ కాగితాలిచ్చి, ఆపరేషన్‌కి ముందు టెన్షన్‌లో సంతకం చేయించుకుని, దాన్ని అంగీకారం అంటున్నాం. కోర్టు తీర్పులు తెలుగులో రావాలని అడుగుతాం, కడుపు కోసే కాగితం గురించి అడగం.

నిరుడు మా పెద్దమ్మ ఆపరేషన్‌కి నర్సు 'ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ' అని వేలు పెట్టి చూపించింది. ఫొటోలు, వీడియోలు తీసుకోవచ్చన్న వాక్యం నాలుగో పేజీలో ఉందని డిశ్చార్జ్ అయ్యాక ఇంట్లో ఫైలు తిరగేస్తే తెలిసింది. పెద్దమ్మకి చదివి చెప్పాను.

"అదేంట్రా, నన్నడగరా?" అంది.